ఒకే నంబరు, రెండు పెట్టెలు

నా తోడల్లుడి మీద నాకు అసూయ కొత్తదేమీ కాదు. కాని ఆ వారం దానికి చెప్పుకోదగ్గ కారణం దొరికింది.

మా అమ్మాయి ఇళ్లకు లోపలి గదుల నమూనాలు గీస్తుంది. అల్మరా ఎక్కడుండాలి, వెలుతురు ఎటునుంచి రావాలి అన్నీ కంప్యూటర్లో కట్టి, ఇంటివాళ్లను అందులో నడిపించినట్టే చూపిస్తుంది. ఈమధ్యే ఉద్యోగం మాని సొంతంగా మొదలుపెట్టింది. పని బల్ల ఎక్కడ వేసుకోవాలన్నది ఇంకా తేలలేదు. మా ముందుగది ఖాళీగానే ఉంది. అయినా పది రోజులుగా రెండు వీధుల అవతల వాళ్ల పిన్ని ఇంట్లోనే కూర్చుంటోంది. కారణం, వాళ్ల బాబాయి లాప్‌టాప్.

"మన డబ్బా నత్తి కొడుతోంది నాన్నా. తలుపు తీసి లోపలికెళ్లాక గానీ గోడ రావట్లేదు," అంది.

నా డబ్బా, అంటే బల్ల కింద పెట్టే కంప్యూటరు, ఎనిమిదేళ్లది. బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు అందులో విడిగా ఉంది, జానెడు పొడవు, రెండు ఫ్యాన్లు. తోడల్లుడి లాప్‌టాప్ కూడా ఇంచుమించు అంత పాతదే. దాని మీద అంటించిన చీటీలో ఉన్నదీ నా కార్డు నంబరే. నంబరు ఒకటే అయినప్పుడు అతనిది పరుగెత్తడమేమిటి, నాది కుంటడమేమిటి?

రిపేరు షాపాయన్ని అడిగితే నవ్వాడు. "నంబరు చూసి మోసపోకండి సార్. ఆ రోజుల్లో లాప్‌టాప్‌లో పెట్టేదానికీ అదే పేరు, బలం మాత్రం తక్కువ. పల్చటి పెట్టెలో వేడెక్కి చస్తుందని దానికి కరెంటు కొలిచి పోసేవాళ్లు. మీదే గెలవాలి."

ఆ మాట విన్నాక వీధిలో నా నడకే మారిపోయింది.

అసలు ఆ లాప్‌టాప్ లేకపోయినా నా కడుపుమంట ఆరేది కాదేమో. సాయంత్రం అటు వెళ్తే ముగ్గురి నవ్వులూ మెట్ల దాకా వినిపించేవి. ఆ ఇంట్లో ఒకరికొకరుగా భార్యాభర్తలిద్దరున్నారు. మా ఆవిడ పోయాక నాకు మిగిలింది ఈ ఒక్క పిల్ల. పొద్దున బయల్దేరే ముందు నా మాత్రలు నీళ్ల గ్లాసు పక్కన పెట్టి మరీ వెళ్లేది. అవి చూసి చల్లబడేవాణ్ణి. ఆ మెట్ల దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ రాజుకునేది.

ఆదివారం పోటీ పెట్టాను. ఒకే ఇంటి నమూనా, అందులో ఒకే దారి, రెండు పెట్టెల్లోనూ. ఎవరిది గెలిస్తే వాళ్లింట్లోనే బల్ల. అమ్మాయి సరేనంది. తోడల్లుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చార్జరు మెడలో వేసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, ఓడితే అలగకూడదు."

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. కాచుకో."

"చచ్చిందాన్ని మొయ్యడానికే మనుషులు దొరకరు మరి."

అతని లాప్‌టాప్ సెకనుకు నలభై బొమ్మలు గీసింది. తెరమీద ఇల్లు నీళ్లలా సాగింది. నాది తొమ్మిది. వంటగది మూల తిరిగేసరికి కిటికీ గాల్లో వేలాడింది. అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

తోడల్లుడు నవ్వలేదు. తల పక్కకు వంచి నా డబ్బా చప్పుడు విన్నాడు.

"ఇంత పని చేస్తూ ఫ్యాన్లు తిరగట్లేదేమిటి?" అంటూ బల్ల కిందికి దూరి ఫోను లైటు వేశాడు. "అన్నయ్యా, దీన్ని ఈమధ్య ఎవరు దులిపారు?"

"నేనే, పోయిన నెల. వైర్లన్నీ పీకి శుభ్రంగా తుడిచాను."

"తుడిచారు సరే. తెర వైరు తెచ్చి పై కన్నంలో పెట్టారు. అది మదర్‌బోర్డుది, ఇంత బొమ్మల పనికి దాని బలం చాలదు. కార్డుది కింద ఉంది. నెల్లాళ్లుగా మీ కార్డు ఊరికే కూర్చుని తింటోంది."

వైరు మార్చి, మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. మళ్లీ నడిపించాం. ఫ్యాన్లు బుసకొట్టాయి. అరవై మూడు.

గెలిచాను. కాని ఆ గెలుపు అతని చేతుల మీదుగా వచ్చింది. నోరు మెదపకపోతే బల్ల వాళ్లింట్లోనే పడేదని అతనికి తెలుసు. అతని చోట నేనుంటే చెప్పేవాణ్ణా? ఆ ప్రశ్న వేసుకోగానే ఇంకో అసూయ పుట్టింది. ఇంత మంచితనం కూడా ఇతనికే దక్కాలా?

"అయితే రేపట్నుంచి ఇక్కడే," అంది అమ్మాయి.

"మంచిదేగా," అన్నాడతను. చార్జరు వైరు చుట్టాడు. విప్పి మళ్లీ చుట్టాడు. "మీ పిన్నే కాస్త బెంగపెట్టుకుంటుంది."

తనకేమీ పట్టనట్టు అన్నాడు గాని, ఆ ముఖం నాకు తెలుసు. పది రోజులుగా గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తున్నదే.

అతని చేతిలోంచి ఆ వైరు అందుకున్నాను. "గీసేది ఇక్కడే, సరే. చూపించడానికి ఇంటివాళ్ల దగ్గరికి ఈ డబ్బాను నెత్తిన పెట్టుకుని పోతుందా? నీ లాప్‌టాప్ కావాలి. నడిపించి చూపడానికి నలభై చాలు. నువ్వే వచ్చి అమ్మాయిని తీసుకెళ్లాలి."

అమ్మాయి నన్నొకసారి చూసి, అతని వైపు తిరిగింది. "బాబాయ్, రేపే ఒకళ్లకి చూపించాలి. ఖాళీయేనా?"

అతని ముఖం విచ్చుకుంది. "తొమ్మిదికల్లా ఇక్కడుంటా."

"తొమ్మిదెందుకు," అన్నాను. "పదిన్నరకి రా, చాలు."