సర్వర్ ఆపకుండానే

మధ్యాహ్నం భోజనాల వేళ అభన్‌పూర్ దగ్గర బస్సు బోల్తా పడిందని రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. అంబులెన్సులు బయలుదేరాయి. అప్పుడే భాగ్యశ్రీ కంప్యూటర్ తెర మీద ఎర్ర హెచ్చరిక కనిపించింది. స్కానింగు చిత్రాలు దాచే సర్వర్‌లో చోటు దాదాపు నిండిపోయింది.

ఆ ఆసుపత్రి సర్వర్లు చూసుకునే ఇంజినీరు భాగ్యశ్రీ. తాతగారు విజయనగరం నుంచి వచ్చి రైల్వేలో చేరినప్పటి నుంచి వాళ్లది రాయ్‌పూరే. కొత్త డిస్కులు రెండు వచ్చాయి కానీ, ఆదివారం సర్వర్ ఆపి బిగిద్దామని పక్కన పెట్టారు. గాయపడినవాళ్ల స్కాన్‌లు రాబోతున్నాయి, ఇప్పుడు ఆదివారం దాకా ఆగే వీల్లేదు.

ఆమె ఒక డిస్కు పట్టుకుని సర్వర్ గదికి పరుగెత్తింది. పై అధికారి గురునాథం అప్పటికే అక్కడున్నాడు.

“పాతవి కొన్ని తీసేసి జాగా చేద్దామా అమ్మా?” అన్నాడు.

“అన్నీ పేషెంట్ల స్కాన్‌లే సార్, ఏది తీస్తాం? సర్వర్ చాలూ ఉండగానే, ఆపకుండానే డిస్కు పెట్టేసి, ఆ జాగా పాతదానికి కలిపేస్తాను.”

“ఏదైనా గడ్‌బడ్ అయితే? ఉన్నవి కూడా పోతాయి కదా.”

“బ్యాకప్ పొద్దున్నే చూశాను, సరిగ్గా ఉంది. టెస్ట్ సర్వర్ మీద చాలాసార్లు చేశాను సార్. అసలుదాని మీద మాత్రం ఇదే మొదటిసారి.”

గురునాథం కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. “అయితే టైపు కొట్టేది ప్రతిదీ పైకి చదువు. నేనూ చూస్తా.”

ఆమె డిస్కును ఖాళీ అరలోకి తోసింది. దీపం వెలగలేదు. బయటికి లాగి, అంచు సరిచేసి మళ్లీ గట్టిగా తోసింది. టక్కుమంది. పచ్చ దీపం వెలిగింది.

తెర మీద కొత్త డిస్కు పేరు వచ్చింది. పాతదానికీ దానికీ తేడా ఒక్క అక్షరం. పొరపాటున పాతదాన్ని ఎంచుకుంటే స్కాన్‌లన్నీ చెరిగిపోతాయి. ఆమె పేరు చదివింది, గురునాథం తెర మీద వేలు పెట్టి చూస్తూ మళ్లీ చదివాడు.

అంతలో స్కానింగు గది నుంచి టెక్నీషియన్ సందీప్ ఫోన్ చేశాడు. “దీదీ, బస్సు పేషెంట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టేశాం. తల దెబ్బ. చేసేయమంటావా, ఆగమంటావా?”

“చేసేయ్ సందీప్, ఆగకు.”

ఫోన్ పెట్టకుండానే ఆమె చివరి ఆదేశం కొట్టింది. కాసేపు తెర మీద ఏమీ కదల్లేదు. తర్వాత సర్వర్‌లోని చోటు ఒక్కసారిగా రెట్టింపై కనిపించింది. ఎర్ర హెచ్చరిక మాయమైంది. ఆ కొత్త చోటులోకి తల స్కాన్ చిత్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరసాగాయి.

“ఎక్కేస్తున్నాయి దీదీ, అన్నీ ఎక్కేస్తున్నాయి,” ఫోన్‌లో సందీప్ అరిచాడు.

పై అంతస్తులో డాక్టరు నీలిమ ఆ చిత్రాలు చూసింది. మెదడులో రక్తం గడ్డకడుతోందని గుర్తించి, పేషెంట్‌ను నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు పంపించింది. సాయంత్రానికి బస్సులో గాయపడిన వాళ్లందరి స్కాన్‌లూ పూర్తయ్యాయి. తలకు దెబ్బ తగిలినతను ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచి భార్యను పేరుపెట్టి పిలిచాడని నీలిమ స్వయంగా వచ్చి చెప్పింది.

భాగ్యశ్రీ కళ్లు మెరిశాయి.

గురునాథం లేచి చొక్కా చేతులు మడుచుకున్నాడు. “మిగతా డిస్కు కూడా ఇప్పుడే పెట్టేద్దామా? ఈసారి నేను కొడతా, నువ్వు చూడు.”

“ముందు చాయ్ తాగుదాం పదండి సార్,” అని నవ్వేసింది భాగ్యశ్రీ.