కృష్ణగిరి దాకా

అంకప్ప ఫోనును స్టీరింగు పక్కనున్న స్టాండులో ఇరికించి, తెరను అవతలికి తిప్పాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పడ్డాక గానీ నోరు తెరవలేదు.

“తళి ఊరు విడిచినాను. నలభై పెట్టెలు, అన్నీ ఎర్ర రోజాలే. వింటా ఉండావా?”

“ఊఁ,” అని వినిపించింది స్పీకర్లోంచి.

ఆ ఊఁ అతని భార్య మంజులమ్మది. అత్తిముగంలోని ఇంట్లో మంచం మీద, చెవి పక్కనే ఫోను పెట్టుకొని పడుకొని ఉంది. గుండెలో సత్తువ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పి పదకొండు రోజులైంది. ఈ పూట బండి తియ్యనని అంకప్ప మొండికేశాడు. పూలు వాడిపోతాయని ఆమే తరిమేసింది. తాను దారిలో ఉండగా ఆమె పోతుందేమోనని అతని భయం. ఊఁ వినబడుతున్నంతసేపూ మనిషి ఉన్నట్టే.

పద్దెనిమిదేళ్ళు తళి గ్రీన్‌హౌసులో రోజాలు కోసిన మనిషి మంజులమ్మ. బొటనవేళ్ళ నిండా ముళ్ళ మచ్చలే. కోసిన పువ్వు గేటు దాటి ఎటు పోతుందో ఒక్కనాడూ చూడలేదు. మంచాన పడ్డాక అడిగింది. “నా పూలు యాడికి పోతాయో దోవంతా చెప్పప్పా.”

అడగక అడగక ఎవరినడిగింది! అంకప్ప తన పెళ్ళిలోనే నాలుగు మాటలు మాట్లాడని మనిషి. కిటికీ వైపున్న కుడిచెయ్యి ముప్పై ఏళ్ళ ఎండకు కమిలి, ఎడమచేతికంటే రెండింతలు నలుపు. ఒకసారి జూజువాడి దగ్గర ఫోను చెవికి ఆనించుకొని తోలుతూ సైకిలు మీద పోయే ముసలాయన్ను గుద్దబోయాడు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రమే ఈ స్టాండూ స్పీకరూ కొన్నాడు. బండి కదిలితే ఇక ఫోను ముట్టడు, దాని వంక చూడడు. చేతులు స్టీరింగు మీదుండగానే ఇంట్లో మనిషి ఊపిరి పక్క సీట్లోంచి వస్తోందే! ఏం వింతరా నాయనా అని ఇప్పటికీ నోరెళ్ళబెడతాడు.

హోసూరులో అతను చెప్పకముందే ఆమె అంది. “పైవంతెన ఎక్కినావు. గాలి రొద మారింది.”

మంచం దిగలేని మనిషి వంతెన ఎక్కిందే!

శూళగిరి దాటాక ఊఁ ఆగిపోయింది. అతను కంగారుపడలేదు. ఆ కొండ పక్కన సిగ్నలు రోజూ సతాయించేదే. కాసేపు మాట రాదు, మళ్ళీ వస్తుంది. అవతల వినబడుతుందో లేదో తెలియకపోయినా చెప్పడం మానడు. ఈ రోజూ మానలేదు. మామిడితోటలు చెప్పాడు. రోడ్డు పక్క చింతపండు అమ్మే ముసలామె గొడుగు రంగు చెప్పాడు. నోరు విప్పని మనిషి, దూరాన కృష్ణగిరి కొండ మీద కోటగోడ కనబడగానే గొంతు పెంచి, “అదో, రాజులు కట్టింది, మన పూలు దాని కిందనే పోతా ఉండాయి” అన్నాడు.

కృష్ణగిరి పూలమండీలో బండి ఆపి, ఇంజను కట్టేసి, అప్పుడు ఫోను తిప్పి చూశాడు. కాల్ తెగనే లేదు.

“ఏమే?”

“మామా,” అంది పక్కింటి సెల్వి. పొద్దుటినుంచీ మంజులమ్మ దగ్గర కూర్చున్నది ఆ పిల్లే. “బండి నిలిపినావా?”

“నిలిపినాను.”

“అత్త పోయింది మామా. నువ్వు శూళగిరి దాటతానే. బండి తోలేవాడికి ఎట్ల చెప్పేది? నువ్వు చెప్తానే ఉండావు. వీధంతా వచ్చినారు. ఎవరూ ఏడవలేదు మామా, నీకు వినబడుతుందని. నోట్లో కొంగు కుక్కుకొని, కృష్ణగిరి దాకా వింటానే కూర్చున్నాము.”

అంకప్ప స్టీరింగు మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. ఒక వీధి వీధంతా తన కోసం ఊపిరి బిగబట్టిందా! ఎంతసేపటికో తల ఎత్తాడు.

“ఫోను పెట్టెయ్యొద్దమ్మా. తిరుగుదోవ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.”

పెట్టెలు దించారు. ఖాళీ బండి మళ్ళీ రోడ్డెక్కింది.

అతను ఇల్లు చేరి లోపలికి వచ్చేసరికి, దిండు మీద ఆమె చెవి పక్కన ఫోను ఇంకా వెచ్చగానే ఉంది.