బస్తా అడుగు

సంసోను మిర్చి వ్యాపారం మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది ఖమ్మం మార్కెట్ వెనక కిరాయికి తీసుకున్న ఒక దుకాణపు మడిగె, పాత మోపెడ్, ఒక అలవాటు. కొనేవాడు అడగకముందే తానే బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు కాయ తీసి చూపించేవాడు. పైన ఎర్రటి కాయ పోసి అడుగున రంగు వెలిసిన తాలుకాయ దాచేవాళ్లున్న బజారులో ఆ అలవాటే మెల్లగా పెట్టుబడి అయింది. భద్రాచలం అవతలి అడవి ఊళ్ల రైతులు సరుకు ముందు ఆయనకే చూపించేవాళ్లు. సంసోను బస్తా అంటే కొనేవాళ్లు మూతి విప్పకుండానే లారీకెక్కించేవాళ్లు.

ఆ పెట్టుబడి మీదే కూతురు మహిమ చదివింది. ధ్వని కంటే ఆరు రెట్లు వేగంగా గాలిని వదిలే సొరంగంలో ఆమె పరిశోధన. థీసిస్ ఇచ్చే ముందు ఇంటికొచ్చింది గానీ అన్నం సయించడం లేదు.

"ఏందే, మొకం తాలుకాయ లెక్క అయింది?" అన్నాడు సంసోను, మడిగె ముందు గచ్చు కడుగుతూ.

మహిమ ఆయన చేతిలోంచి పైపు తీసుకుంది. గచ్చు మీద పల్చగా పరుగెత్తిన నీళ్లు, తోపుడు బండి కోసం కట్టిన వాలు ఎక్కలేక మొదట్లోనే చుట్ట చుట్టుకున్నాయి. రాలిన మిర్చి గింజలు అక్కడే గిరగిరా తిరుగుతున్నాయి.

"చూడు డాడీ, నా గాలి గూడ గిట్లనే. సొరంగంల పెట్టిన పలక మీద సాఫ్‌గ వస్తది. ఎదురుగ వాలు తగిలితే, పలకను ఆనుకున్న నెమ్మది గాలి ఎక్కలేక పైకి లేస్తది. దాని కింద సుడి పడ్తది. సుడి దాటి మల్ల వాలు మీద పడ్డప్పుడు పాయలు పాయలుగ చీలుతది. పాయ తగిలిన కాడ పలక మస్తు కాలుతది. జర పైకి పోయినంక అంత కలగాపులగమే."

"కాలితే ఏమైతది?"

"గంత స్పీడుల పోయే వాహనానికి పైపొర కాలి చిల్లు పడొచ్చు. ఏడ కాలుతదో ముందే తెల్వాలె."

ఆమె థీసిస్‌లో తేల్చింది ఒక్కటే మాట. ఆ పాయలకు బయటి కారణం అక్కర్లేదు, సుడి తనంతట తానే నిలకడ తప్పి వాటిని పుట్టిస్తుంది. చిన్న వాలుకూ ఎత్తు వాలుకూ అదే రాసింది. గైడు సార్ మెచ్చుకున్నాడు. తీరా మొన్న పలకను మైక్రోస్కోపు కింద పెడితే ముందంచున సన్నటి గంట్లు కనిపించాయి. గంటు వల్ల కూడా పాయలు పుట్టొచ్చు. అంచు కొత్తగా అరగదీసి మళ్లీ నడిపిస్తే నిజం తేలుతుంది. తేలితే ఇన్నేళ్ల మాట పోనూవచ్చు.

"గంట్లు ఎవరన్న చూసిన్రా?" అన్నాడు సంసోను, అంతా విని.

"లేదు."

"మరింకేంది? సార్ ఒప్పుకున్నడు. జల్దీ డిగ్రీ తీస్కో. అంచు సంగతి తర్వాత చూస్కోవచ్చు."

మహిమ పైపు కింద పడేసింది. "గట్లయితే నువ్వెందుకు డాడీ, ఎవరు అడగకముందే బస్తా అడుగున చెయ్యి పెడ్తవ్?"

"అది మిర్చి బిడ్డా."

"ఇది రేపు మంది ఎక్కే వాహనమైతది."

లోపలినుంచి భార్య ఫ్లోరెన్స్ కేకేసింది. "నీ బిడ్డనే గద, నీ లెక్కనే మాట్లాడ్తది. ముందు నల్లా బంజెయ్యుండ్రి ఇద్దరు, ట్యాంకి ఖాళీ అయితుంది!"

సంసోను నల్లా కట్టేశాడు. మర్నాడు ఆమెను బస్సెక్కిస్తూ, "పో, అడుగుదాకా చూడు" అన్నాడు.

కొన్నాళ్లకు మహిమ ఫోన్ చేసేసరికి ఆయన భద్రాచలం దాటి సీతయ్య అనే రైతు కల్లంలో ఉన్నాడు. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే ఫోనెత్తాడు.

"అంచు అరగదీసి నడిపించిన డాడీ. చిన్న వాలు మీద పాయలు మాయమైనయి. అవి గంట్ల పనే."

"ఎత్తు వాలుది?"

"గవి పోలే. పాయకు పాయకు నడుమ ఎడం గూడ మారలే. అవి సుడివే."

"సార్ ఏమన్నడు?"

"ముందే ఎందుకు చూడలేదని తిట్టిండు. సగం మల్ల రాయాలె. ఇంకో ఏడు పడ్తది."

"ఏడుస్తున్నవా?"

"లే. ఆకలైతుంది."

సంసోను ఫోను జేబులో పెట్టి, సీతయ్య బస్తాలో మోచేతిదాకా చెయ్యి దించుతూ లెక్క కట్టుకున్నాడు. పోయింది చిన్న వాలు మాట, ఒక ఏడాది, సార్ మెప్పులో కొంత. మిగిలింది ఎత్తు వాలు మాట ఒక్కటే. దాన్ని ఎవరు అడుగునుంచి తీసి చూసినా అదే రంగు.