అత్తయ్య గదికి రంగులు

మా ఆయన ఫోన్లో ఒక్క వీడియో చూస్తే చాలు, ఏ పనైనా వచ్చేస్తుంది. కుళాయి బాగుచేయడం అలాగే వచ్చింది. ఆ రోజంతా వంటింట్లో నేను చీర మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని తిరిగాను. ఈసారి గదులకు రంగులు వేయడం వచ్చింది. వాళ్ళమ్మ గదితోనే మొదలుపెడతానన్నారు.

అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, కొన్ని నెలలు వెల్లకిలా పడుకోవాలన్నారు. "మా ఇంటికి తీసుకెళ్తాం, గది కూడా పెద్దది" అని మా తోటికోడలు ఆసుపత్రిలోనే ప్రకటించింది. అత్తయ్య తేల్చలేదు.

"ముందు నా గదికే పోతాను. అక్కడ నచ్చకపోతే ఆదివారం పెద్దాడింటికి వచ్చేస్తా" అంది.

అత్త వెళ్ళిపోతే కోడలు ఎగిరి గంతేస్తుందని అందరి నమ్మకం. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నేనేం మాట్లాడినా "ఊఁ" అనే చప్పుడు తప్ప జవాబు లేదు. నాతో మాటకు మాట అనే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ నాకు కావాలి, అంతే.

అందుకే ఆయనగారి ప్రతిభను భరించాను. పాత రంగు గీకారు, లప్పం పెట్టారు, ఉప్పుకాగితంతో రుద్దారు. ఆ పొడి వెళ్ళి నా పప్పు డబ్బాల్లో కూర్చుంది. తర్వాత లేత ఆకుపచ్చ రంగు, గోడకు ఒక పూత, మొహానికి రెండు. ఆఖరున వాల్‌పేపర్. పూలతీగలు, మధ్యలో పిట్టలు, కళ్ళు తిప్పుకోలేం. వీడియోలో మంచం తలవైపు గోడకు అంటించారు కాబట్టి మేమూ అక్కడే అంటించాం. తీగకు తీగ కలిపి, బుడగలు రాకుండా గుడ్డతో నొక్కి, గుమ్మంలో నిలబడి ఇద్దరం మురిసిపోయాం.

అత్తయ్యను స్ట్రెచర్ మీద తెచ్చి మంచంమీద పడుకోబెట్టారు. మా ఆయన మెప్పు కోసం పక్కనే నిలబడ్డారు.

"ఎలా ఉందమ్మా వాల్‌పేపర్?"

"ఎక్కడుందిరా?"

"నీ తల వెనకాల!"

ఆవిడ తల వెనక్కి తిప్పబోయింది, కుదరలేదు.

"పలకరించడానికి వచ్చేవాళ్ళ కోసం అంటించావన్నమాట. మంచిదిరా. నాకేమో ఆ మరక మిగిల్చావు."

తలెత్తి చూశాం. సీలింగు! లీకు ఎప్పుడో ఆగింది గానీ, మరక మాత్రం టీ ఒలికినట్టు, పెచ్చులూడుతూ, సరిగ్గా ఆవిడ మొహానికి పైన ఉంది. మేం నిలబడి తిరిగేవాళ్ళం కదా, మాకు గోడలు తప్ప ఇంకేం కనబడలేదు.

"ఆ పెచ్చు నా నోట్లో పడేలోగా పెద్దాడికి ఫోన్ చెయ్యి" అంది.

మా ఆయన ఫోన్ తీశారు. అన్నకు చేయడానికి కాదు, సీలింగు వీడియో వెతకడానికి. ఫోన్ లాక్కుని, కొంగు బిగించి నేనే స్టూలెక్కాను.

పక్కగదిలోకి మారుస్తామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "నేను చూడకపోతే మీరేం వెలగబెడతారో తెలిసిందిగా" అని, మంచం ఓ పక్కకు జరిపించుకుని, గొడుగు అడ్డం పెట్టుకుంది.

"అక్కడ వదిలేశావ్. ఎడమవైపు. నీ ఎడమ కాదే, నా ఎడమ!"

"పడుకుని చెప్పడం కాదు, ఎక్కి వెయ్యండి!"

"కాలు బాగుంటే నీ చేతికిస్తానా రోలరు?"

మెడ పట్టేసింది. రంగు చుక్కలు కళ్ళలో పడ్డాయి. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆదివారం బావగారూ తోటికోడలూ కారేసుకుని దిగారు.

"బయల్దేరదామా అత్తయ్యా?"

"ఎలా రానమ్మా? సీలింగు పని మధ్యలో ఉంది. నేను కదిలితే వీళ్ళు ముగిస్తారా?"

తోటికోడలు పైకి చూసింది. అంతా తెల్లగా మెరుస్తోంది.

"అయిపోయినట్టే ఉందే!"

"నిలబడి చూస్తే అలాగే ఉంటుంది" అంది అత్తయ్య.

వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. నేను రోలరు రంగులో తడిపి తెచ్చాను. ఎంత చూసినా లోపం కనబడలేదు. ఆవిడ పక్కనే వెల్లకిలా పడుకుని మూలమూలా వెతికాను.

"ఎక్కడత్తయ్యా వదిలేసింది?"

"వెతుకు. తొందరేముంది?" అంది, పైకే చూస్తూ.