మూడో అధ్యాయం కొట్టిన అమెరికా మిషన్

నేను ఒక ఇంగ్లీషు టైపుమిషన్‌ని. పుట్టింది అమెరికాలో, ఒక నది పక్కన ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీలో. నా అక్షరాలు బిగించినామె పని చేస్తున్నంతసేపూ ఈల వేసేది. నా చప్పుడులో లయంటూ ఏమైనా ఉంటే అది ఆవిడ పెట్టిందే.

అమెరికన్ సాహిత్యం పాఠాలు చెప్పడానికి రెండేళ్లకని వచ్చిన ఒక తెల్ల పంతులు నన్ను ఓడలో ఈ తీరానికి తెచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు సామాను బరువెక్కువైంది. ఇక్కడ కొన్న ఇత్తడి నటరాజును పెట్టెలో సర్దుకుని, నన్ను తన టైపిస్టు సన్యాసిరావుకి ఇచ్చేశాడు.

ఊరి పేరు, యూనివర్సిటీ పేరు చెప్పను. ఈ కథలో ఒక పెద్దమనిషి చేసిన తప్పు ఉంది.

సన్యాసిరావు యూనివర్సిటీ గేటు ఎదురుగా చిన్న గది తీసుకుని నన్ను బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లలో మేమిద్దరం నలభై థీసిస్‌లు కొట్టాం. ఒక్క అమెరికన్ నవల చదవకుండానే వాటన్నిటి లోగుట్టూ ఆయనకి తెలుసు. ప్రతి థీసిస్‌కీ కార్బన్లు పెట్టి ఐదు కాపీలు తీసేవాడు. బాగా వెలిసిపోయినట్టుండే ఐదోది, తర్వాత దిద్దుబాట్లకు పనికొస్తుందని గదిలోనే దాచేవాడు.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం, ఫిబ్రవరి. మంగళవారం పొద్దున్నే నూకరత్నం పరుగున వచ్చింది. ఆడపిల్లల కాలేజీలో టెంపరరీ లెక్చరరు. థీసిస్ ఇవ్వడానికి ఏడేళ్ల గడువు ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది. ఐదు దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది.

థీసిస్ పేరు ‘అమెరికన్ నవలలో యంత్రం’. మిగతా అధ్యాయాలన్నీ అప్పటికే కొట్టేశాం. వాటి ప్రకారం యంత్రం మనిషి ఆత్మను నమిలేసే రాక్షసి. ఆ ముక్క నా చేతే కొట్టించారు, ఐదు కాపీలు.

“ఇదొక్కటే మిగిలింది మాస్టారూ, మూడోది,” అని కాగితాలు ఇచ్చింది.

సన్యాసిరావు రెండు పేజీలు కొట్టాడు. మూడో పేజీ సగంలో వేళ్లు ఆగాయి.

“అమ్మా, ఇది నువ్వు రాసిందేనా?”

“మా గైడు సారు నోట్సు ఇచ్చారండి. టైము లేదు కదా, ఇది పెట్టేసుకో అన్నారు.”

“దీన్ని నేను లోగడ ఒకసారి కొట్టేనమ్మా. నా వేళ్లకి గేపకం ఉంది.”

“వేళ్లకి గేపకం ఏటండీ, బావుంది!”

ఆయన లేచి, అటక మీంచి ఆరేళ్లనాటి ఐదో కాపీ ఒకటి దించి, దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు. నూకరత్నం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఒక్క కామా కూడా తేడా లేదు.

అట్ట మీది పేరు చూసేసరికి ఆమె మొహం పాలిపోయింది. ఆ మనిషి ఇప్పుడు మద్రాసులో ప్రొఫెసరు. ఆమె థీసిస్ దిద్దబోయేది ఆయనే. ఎవరు దిద్దుతారన్నది పరమ రహస్యం. అందుకే గేటు దగ్గర టీ కొట్టువాడికి కూడా తెలుసు.

“ఇది ఇస్తే దొంగనవుతాను. ఇవ్వకపోతే ఇంటికి పోతాను. ఏటి చెయ్యమంటారు?”

“మూడు రోజులుంది కదమ్మా. కొత్తది రాయి.”

“మూడు రోజుల్లో అధ్యాయమా! రాసి, దిద్ది, సాపు రాసి...”

“రాయకు. నువ్వు చెప్పు, నేను కొడతాను.”

బుధవారమంతా ఆమె ఇంట్లో నవలలు తిరగేసింది. గురువారం పొద్దున్న వచ్చి నా ఎదుట నిలబడింది. సన్యాసిరావు ఐదు కాగితాలూ నాలుగు కార్బన్లూ ఎక్కించాడు. ఆమె గొంతు సవరించుకుని, బరువైన ఇంగ్లీషులో ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలోనే చిక్కుపడింది. కాగితాలు తీసి మళ్లీ ఎక్కించాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. ఆమె స్టూలు మీద కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మీ నాన్న ఏటి చేసేవాడమ్మా?” అని అడిగాడు సన్యాసిరావు.

“లోకోషెడ్డులో ఫైర్‌మేనండి. బొగ్గు వేసేవాడు. ఇప్పుడెందుకండీ అది?”

“ఏ ఇంజను?”

“అమెరికా ఇంజనేనండి, యుద్ధం రోజుల్లో వచ్చింది.” ఆమెకి నవ్వొచ్చింది. “దాన్ని ఇంజను అనేవాడు కాదు, అమ్మడూ అనేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ‘అమ్మడూ, ఊపిరి తీసుకోయే, తొందరేటి లేదు’ అని బతిమాలేవాడట. ఇంటికొచ్చి, ఇవాళ అది అలిగిందే అని అమ్మకి చెప్పేవాడు.”

“మరి నీ నవలల్లో బొగ్గు వేసేవాడు లేడేటి?”

నూకరత్నం చటుక్కున లేచింది. గబగబా సంచీలోంచి మూడు నవలలు తీసింది. పేజీలు చకచకా తిప్పింది. ఉన్నాడు! ఒకదాంట్లో ఒకే ఒక్క వాక్యంలో మసి మొహంతో నిలబడి ఉన్నాడు. ఇంకోదాంట్లో మర మగ్గం నడిపే పిల్ల, అర పేజీ. మూడోదాంట్లో బ్రేకు వేసే మనిషి, పేరు కూడా లేదు. విమర్శకులందరూ వాళ్లను దాటుకుని వెళ్లిపోయారు.

ఇక ఆమె ఆగలేదు. ఆ నవలలు రాసినవాళ్లు పచ్చికలో కూర్చుని దూరంగా రైలు కూత విన్నారు, లేదా కిటికీ పక్కన కూర్చుని పొగ చూశారు. అందుకే భయపడ్డారు. నిప్పు ముందు నిలబడ్డవాడు విన్నది వేరే చప్పుడు, అని ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. సన్యాసిరావు కొట్టుకుపోయాడు. ఇరవై రెండు పేజీలు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఎక్కడా లేని వాక్యాలు నా మీద పుడుతున్నాయి. లైను చివర నా గంట మోగినప్పుడల్లా ఆమె ఊపిరి పీల్చుకునేది.

శుక్రవారం నాలుగున్నరకి థీసిస్ ఆఫీసుకి చేరింది.

ఆరు నెలల తర్వాత వైవా. నేను వెళ్లలేదు కనక, సాయంత్రం గదిలో నూకరత్నం చెబుతుంటే విన్నదే చెబుతున్నాను. మద్రాసు ప్రొఫెసరు మొదటి ప్రశ్నే మూడో అధ్యాయం మీద వేశాడట.

“ఇది ఎక్కణ్ణుంచి తీసుకున్నావమ్మా?”

“మా నాన్న దగ్గర్నుంచండి. బయట బెంచీ మీద కూర్చున్నారు.”

ఆయన పెద్దగా నవ్వి, వెనక్కి వాలి, పక్కనే ఉన్న గైడు గారికి వినపడేలా అన్నాడట: “మూడో అధ్యాయానికి ఈయన తన నోట్సు నాకూ ఇచ్చారు, నేను బుద్ధిగా పెట్టేసుకున్నాను. మళ్లీ అదే చదవాల్సి వస్తుందేమోనని భయపడుతూనే ఈ థీసిస్ తెరిచాను.”

గైడు గారు కళ్లజోడు తుడుచుకున్నారట, చాలాసేపు.

డిగ్రీ వచ్చింది. ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, సన్యాసిరావు పోయాడు, నన్ను యూనివర్సిటీ లైబ్రరీలో గాజు బీరువాలో పెట్టారు. ముట్టుకోరాదు అని చీటీ కూడా తగిలించారు. పిల్లలు నా ముందు నిలబడి సెల్‌ఫోన్లతో ఫొటోలు తీసుకుంటారు. బాగానే ఉంది. కానీ పగటివేళ లైబ్రరీలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించనప్పుడు, ఆ వైవా రోజు సాయంత్రమే గుర్తొస్తుంది.

నూకరత్నం వెనకాలే వాళ్ల నాన్న పోలినాయుడు గదిలోకి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కాలిన మచ్చలున్న ముంజేతులు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

“దీని మీదేనేటి మా గుంట చదువు రాసింది?”

“దీని మీదే నాయుడు గారూ. ఇదీ అమెరికాదే,” అన్నాడు సన్యాసిరావు, గర్వంగా నాలుగు అక్షరాలు కొట్టి చూపిస్తూ.

పోలినాయుడు చెయ్యెత్తి ఆపమన్నాడు. వంగి, నా పక్కన చెవి పెట్టాడు.

“మళ్లీ కొట్టండి.”

సన్యాసిరావు కొట్టాడు.

“దగ్గుతున్నాది. ఎన్నాళ్లయిందండీ దీనికి నూనె వేసి?”

తండ్రి, కూతురు, టైపిస్టు ముగ్గురూ కలిసి నన్ను తలకిందులు చేశారు. ఎప్పటినుంచో ఎడమ వైపు ఒక కమ్మీ ఎండిపోయి రాసుకుంటోంది. ఇరవై ఏళ్లుగా నా మీద యంత్రాల గురించి పేజీలకి పేజీలు రాయించుకున్న పండితులెవరికీ ఆ సంగతి తెలియలేదు. పోలినాయుడు తువ్వాలు కొస చుట్టి, నూనెలో ముంచి, పసిపిల్ల చెవి తుడిచినట్టు మెల్లగా తుడిచాడు.

“ఇంక పరవాలేదే అమ్మడూ,” అన్నాడు.