మంగళవారం సెలవు

కుళాయి కింద కత్తెర కడిగి, బనీను అంచుతో తుడిచి, రెండు అంచులూ సందు లేకుండా మూసుకుంటున్నాయో లేదో వెలుతురుకేసి పట్టి చూసుకున్నాడు రాంసకల్. దువ్వెనలు వేడినీళ్ళలోంచి తీసి ఆరబెట్టాడు. పేలమందు సీసా, బ్లేడు, దూది, తెల్లగుడ్డ అన్నీ సంచిలో సర్దాడు. మంగళవారం రాజమండ్రిలో సెలూన్లు తెరవరు. గదిలో అతనితో ఉండే నలుగురూ టైల్సు పరిచే పనివాళ్ళు, తెల్లారకముందే వెళ్ళిపోయారు. వాళ్ళ పరుపుల మధ్య ఉన్న సన్నటి దారిలో నడిచి, తలుపుకి తాళం వేసి, సైకిలు రోడ్డు మీదికి దింపాడు.

బక్కపల్చటి మనిషి. రోజంతా ఇంకొకళ్ళ తలల మీదికి వంగి వంగి, ఆ వంపు వీపులో అలాగే నిలిచిపోయింది. కుడిచేతి బొటనవేలి మీద కత్తెర ఒరిసి కాయ కాసింది. నలభై నిండలేదు గానీ చెవుల పక్కన నెరిసింది. ఊరందరి జుట్టూ కత్తిరించేవాడి జుట్టు మాత్రం ఎప్పుడూ కాలరు మీద పడుతూనే ఉండేది.

బీహారులో దర్భంగా దగ్గర పల్లెటూరు అతనిది. ఆరేళ్ళ కిందట ఇక్కడ రైలు దిగేనాటికి తెలుగు ఒక్క ముక్క రాదు. షాపు యజమాని అబ్బులు మొదటి రోజే, "రాంసకలేంటయ్యా, నోరు తిరగట్లేదు. రాము అందాం" అన్నాడు. అప్పట్నుంచీ అతను రాము. కుర్చీలో కూర్చున్నవాళ్ళ దగ్గరే భాష నేర్చుకున్నాడు. చివర అండి తగిలిస్తే ఎవరికీ కోపం రాదని కనిపెట్టి ప్రతి మాటకీ తగిలించాడు. చంటిపిల్లల్నీ అండి అనేవాడు. గుమ్మంలోకొచ్చిన కుక్కని "పోండి, పోండి" అని తోలేవాడు. షాపంతా పగలబడి నవ్వేది. నవ్వుతున్నారంటే ఉండనిస్తారనే కదా అనుకుని తనూ నవ్వేవాడు.

ఆరేళ్ళలో అతన్ని ఎక్కడికైనా రమ్మని పిలిచిన మనిషి ఒక్కతే. పక్క కొట్లో జాకెట్లు కుట్టే తబిత. కడియం అవతల ఇటుక బట్టీ దగ్గర కూలీల పిల్లల్ని కూర్చోబెట్టి వారానికోసారి అక్షరాలు దిద్దిస్తుంది. "పిల్లల తలల్నిండా పేలు రామూ. పలక మీద కంటే నెత్తిమీదే చెయ్యి ఎక్కువుంటోంది. ఒకసారి వస్తావా?" అని అడిగింది. సెలవురోజు గోదావరి గట్టున ఒక్కడే కూర్చుని పడవలు చూడ్డం తప్ప వేరే పనిలేని మనిషి. "వస్తానండి" అన్నాడు వెంటనే. ఆ తర్వాత ఏ మంగళవారమూ మానలేదు.

ఈ వారం తబిత రాలేదు. ధవళేశ్వరంలో మేనత్త పోయింది. "వచ్చేవారం వెళ్దాంలే" అంది ఫోన్లో. కానీ కిందటివారం బట్టీ పిల్లల్లో దుర్గ అనే పిల్ల తలలో చూసిన సెగ్గడ్డ అతన్ని నిలవనివ్వలేదు.

కాలవగట్టు మీద పోతుంటే నిన్న అమ్మిరాజు అన్న మాట గుర్తొచ్చింది. కడియం వైపు పల్లెటూరి రైతు అతను, గడ్డానికి రాము చెయ్యే కావాలంటాడు. సగం నురగ మొహంతోనే ఫోను ఎత్తి వీడియో చూపించాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట. హిందీ మాట్లాడతారట. తినడానికేదో పెట్టి, మత్తుమందు వాసన చూపిస్తారట. "మా ఊళ్ళో కర్రలు పట్టుకుని కాపలా కాస్తున్నాం రామూ" అన్నాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ, గొంతు ఎక్కడ తెగుతుందోనని రాంసకల్ బ్లేడు ఎత్తి పట్టుకుని ఆగాడు. ఆ దొంగలు ఎక్కడో ఉంటారనుకున్నాడు. తనని ఆరేళ్ళుగా అందరూ చూస్తూనే ఉన్నారు కదా.

బట్టీ దగ్గర పిల్లలు ఎదురు రాలేదు. ఎప్పుడూ రారు. "పేలోడొచ్చాడ్రోయ్" అని ఒకడు మట్టి ఉండ విసిరాడు. అది వీపున తగిలి పగిలింది. "గట్టిగా తగిలిందండి" అన్నాడు రాంసకల్. పిల్లలు విరగబడి నవ్వారు.

దుర్గ నవ్వలేదు. పాక నీడలో గోనెపట్టా మీద ముడుచుకుని పడుకుంది. ఆరేళ్ళ పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది. జుట్టు పక్కకి తీస్తే గడ్డ ఎర్రగా ఉబ్బి, చెవిదాకా వాపు దిగింది. తల్లి మరిడమ్మ ఇటుక అచ్చుల ముందు కూర్చుని మట్టి అదిమి పెడుతోంది. శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చిన మనిషి. మోచేతుల దాకా బురద.

"నానొస్తే మేస్త్రి ఊరుకోడన్నియ్యా. నువ్వే డాక్టరికి చూపించీ" అంది, మేస్త్రి వైపు ఒక కన్నేసి ఉంచి.

పిల్లని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఆస్పత్రి రెండు ఊళ్ళ అవతల. ఎండ మాడుస్తోంది. మొదటి ఊరు రాగానే దుర్గ "దాహం" అంది. కిళ్ళీకొట్టు ముందు స్టాండు వేసి, నీళ్ళప్యాకెట్టూ ఒక బన్నూ కొన్నాడు. పిల్ల బన్ను కొరకబోయి, నొప్పికి నోరు తెరవలేక ఏడ్చింది.

"పాపెవరు?" అంది కొట్టామె.

"పాప అండి... జొరం. ఆస్పత్రికండి."

ఆ యాసకి కొట్టామె వెనక్కి తిరిగి ఎవరినో కేక వేసింది. అరుగు మీద పేకాడుతున్నవాళ్ళు లేచారు. ఇద్దరు పదిమందయ్యారు. ఒక కుర్రాడు దుర్గ ముందు వంగాడు.

"ఏమ్మా, ఈయన మీ నాన్నా?"

దుర్గ తల అడ్డంగా ఊపింది.

"మీ ఊరోడా?"

"కాదు."

పిల్ల అబద్ధమాడలేదు. అన్నీ నిజాలే చెప్పింది. ఈయన మీకేం చేస్తాడు అని మాత్రం ఎవరూ అడగలేదు.

సంచి గుంజుకుని బోర్లించారు. కత్తెర, బ్లేడు, దూది, సీసా. ఒకడు సీసా మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి, "మత్తుమందేరా!" అని అరిచాడు.

రాంసకల్ గుంపులో వెతికాడు. తెలిసిన మొహం కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"అమ్మిరాజు గారూ! నేనండి, రామునండి!"

అందరూ అటు తిరిగారు. అమ్మిరాజు పెదాలు తడుపుకున్నాడు. "షాపులో చూసినట్టే ఉంది" అన్నాడు. పక్కవాడు వినిపించక "ఏంటీ?" అన్నాడు. అమ్మిరాజు ఆ మాట మళ్ళీ అనలేదు. నున్నగా గీయించుకున్న గడ్డం నిమురుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ సందులోకి ఇంకెవరో వచ్చి నిలబడ్డారు.

మొదటి దెబ్బకి అతను "ఆగండి" అన్నాడు. రెండో దెబ్బకీ అండి అనే అన్నాడు. ఆ తర్వాత తెలుగు అందలేదు. నోట్లోంచి పుట్టినూరి మాటలొచ్చాయి. అవి విన్నాక కర్రలు ఎక్కువయ్యాయి.

పోలీసులు అతన్నీ పిల్లనీ ఆ రెండు ఊళ్ళ అవతలి ఆస్పత్రికే తీసుకెళ్ళారు. జీపులోంచి దించేసరికి అతనికి ప్రాణం లేదు. అక్కడే ఒక నర్సు దుర్గ గడ్డ కోసి, చీము తీసి, కట్టు కట్టింది. "ఇంకో రోజు ఆగితే పిల్ల దక్కేది కాదు" అంది పక్కనున్న కానిస్టేబులుతో. సాయంత్రం బురదచేతులతోనే పరిగెత్తుకొచ్చిన మరిడమ్మ, "నానే పంపాను బాబూ, నానే పంపాను" అని కనబడినవాళ్ళకల్లా చెప్పింది.

మేనత్త ఇంట్లో చాప మీద కూర్చున్న తబిత ఫోనుకి ఒక వీడియో వచ్చింది. పిల్లల దొంగ దొరికాడని రాసి ఉంది. నేలమీద పడున్న మనిషి మొహం కనబడలేదు. ఆ వీపు చూసి గుర్తుపట్టింది.

బుధవారం షాపు తెరిచారు. "మంచోడేనట పాపం" అని కుర్చీలో కూర్చున్నాయన అంటే, అబ్బులు "ఊఁ" అని దువ్వెన అందుకున్నాడు.

ఆ ఊళ్ళో మగాళ్ళంతా పోలీసులకి భయపడి ఇళ్ళొదిలి పోయారు. కిళ్ళీకొట్టు మూసి ఉంది. దాని ముందు స్టాండు వేసిన సైకిలు వేసినట్టే ఉంది. పిల్లకి ఒత్తుకోకుండా ముందు కడ్డీకి నాలుగు మడతలు పెట్టి పురికొసతో చుట్టిన తువ్వాలు, రాత్రి కురిసిన జల్లుకి తడిసి, ఎండకి మెల్లగా ఆరుతోంది.