నెమ్మదించిన నాడి

నిద్ర లేచి, మంచం దిగకముందే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నోటుబుక్కులో రాసుకోవాలి. దివాకర్ సారు మాకు చెప్పిన మొదటి పని ఇది. ఆయన మా కేతేపల్లి బడిలో ఆటల సారు. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే మా నలుగురు ఆడపిల్లల్ని పొద్దున్నే మూసీ కాలువ కట్ట మీద పరుగెత్తించేవాడు. ఎనిమిది వందల మీటర్లు గడువులో దాటితేనే ఉద్యోగం సంగతి. లేకపోతే గొర్రెల వెంట నేను, నా వెంట గొర్రెలు.

మొదటివారం నా గుండె నా మాట వినలేదు. ఆగి లెక్కపెడితే నూట తొంభై. కాలువ నీళ్లు, తుమ్మచెట్లు, దివాకర్ సారు, అన్నీ కలిసి గుండ్రంగా తిరిగేవి. పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ పోగలిగినంత మెల్లగా పరుగెత్తు సుస్మితా అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. మెల్లగా పోతే ఉద్యోగం ఎవరిస్తారని మనసులో తిట్టుకుంటూనే విన్నాను.

మూడో నెలకు ఏదో జరిగింది. అదే కట్ట, అదే దూరం, అదే వేగం. గుండె మాత్రం నూట యాభై దాటడం లేదు. ఆగిన రెండు నిమిషాలకే వందకు దిగుతోంది. మంచు కమ్మిన కట్ట మీద పోతుంటే కాళ్లు నావో కావో తెలిసేది కాదు. చిన్నప్పుడు వాకిట్లో నిద్రపోతే అమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకుపోయేది. అచ్చం అట్లా ఎవరో నన్ను మోసుకుపోతున్నట్టు ఉండేది. ఎక్కడికని అడగాలనిపించేది కాదు.

పొద్దుటి లెక్క ఎనభై నుంచి యాభై ఎనిమిదికి వచ్చింది. గుండె బలపడితే ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుందని, అందుకే తీరిగ్గా కొట్టుకుంటుందని సారు చెప్పాడు. మా ఇంట్లో తీరిక దొరికింది నా గుండెకొక్కదానికే.

మా బాపు బీరన్న పదేళ్ల వయసు నుంచి మంద వెంటే ఉన్నాడు. జీవం నలతగా కనిపిస్తే దాని తొడ లోపలివైపు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని నాడి చూస్తాడు. నాడి నెమ్మదించిందంటే ఆ గొర్రె మాపటికి ఉండదని ఆయన లెక్క. నేను చిక్కిపోయానని అప్పటికే వారం నుంచి గొణుగుతున్నాడు. ఒక పొద్దున నేనింకా నిద్రలో ఉన్నాననుకుని నా మణికట్టు పట్టుకున్నాడు. గొంగడి వాసన వేసే ఆ గరుకు వేళ్లు చాలాసేపు కదలలేదు. హాయిగా ఉండి మళ్లీ నిద్రలోకి జారిపోయాను. లేచి చూస్తే నా బూట్లు లేవు.

పరీక్షకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇకనుంచి పరుగు లేదు, పరీక్ష లేదు అన్నాడు బాపు. సారు చెప్పిందంతా చెప్పాను. మీ సారు ఎన్ని జీవాలను సాదిండని అడిగాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పళ్లెం ఆయన ముందు ఠపీమని పెట్టి పోయేదాన్ని. ఆ రెండు పొద్దుల్లోనూ కాలువ కట్ట నేను లేకుండానే మంచులో పోతున్నట్టు కళ్లకు కట్టేది.

మూడోరోజు గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా, అమ్మ పోయిన రోజు సంగతి ఆయనే చెప్పాడు.

“మీ అమ్మను ఆటోల నార్కట్‌పల్లి దవాఖానకు తీస్కపోతుంటే చెయ్యి నా చేతులనే ఉండె. కట్టంగూర్ దాటంగ నాడి నెమ్మదైంది. జర నిమ్మలపడ్డది అనుకున్న బిడ్డా.”

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని, ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, ఫోన్లో నిమిషం పెట్టి లెక్కించాను. యాభై రెండు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను. యాభై రెండే.

“బాపూ, నీది నాకంటె తక్కువున్నది.”

చెయ్యి గుంజుకోబోయాడు. నేను వదల్లేదు.

“నలభై ఏండ్ల సంది మంద వెంట నడుస్తున్నవు. నీ గుండె గట్టిగైంది. నాది గూడ నీ తీర్గనే అయితాంది.”

పరాయివాళ్ల చేతిని చూసినట్టు తన మణికట్టును చూసుకున్నాడు. ఎన్ని వందల గొర్రెల నాడి పట్టుకున్నాడో, తనది ఎన్నడూ పట్టుకోలేదు. రెండో చేతి వేళ్లు దాని మీద పెట్టి, కళ్లు మూసుకుని, గొర్రెలు మేతకు అరుస్తున్నా వినిపించుకోకుండా కూర్చున్నాడు. తర్వాత లేచి మేత గంప కింద నుంచి నా బూట్లు తెచ్చి ముందు పెట్టాడు.

పరీక్షనాడు నల్లగొండ మైదానం గేటు బయట గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డాడు. గడువుకు అరనిమిషం ముందే గీత దాటి, తడిసి ముద్దై బయటికొచ్చాను. ఏమైందని అడగలేదు. ముందు నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చుట్టూ జనం ఎక్కడో దూరంగా ఉన్నట్టున్నారు. ఆయన వేళ్ల కింద నా నాడి ఉరుకుతోంది, ఉరికి ఉరికి నడకలో పడుతోంది. నెమ్మదించడం తెలిసినప్పుడు ఆ వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి.

“దిగుతాంది” అన్నాడు.

కాసేపటికి ఆయన పట్టు సడలింది.

“దిగనియ్యి బిడ్డా.”